పిడి విప్పితేనే తెలిసే కత్తి

జపాన్ తరహా కత్తుల ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపించేవి మూడే మూడు. ఉక్కును ఎన్నిసార్లు మడిచారన్నది ఒకటి, ఆ ఉక్కు పేరేమిటన్నది రెండోది, వాదర పొడవునా తెల్లగా మెరిసే అల మూడోది. వేలు పోసి కొన్న కత్తి నాలుగు వేట్లకే వంగిపోయినా, పిడిలోంచి ఊడి ఎగిరిపోయినా కారణం ఈ మూడింట్లో సాధారణంగా దొరకదు. పదను పెట్టిన తీరులోనో, అంటే కాల్చి ముంచి ఉక్కును గట్టిపరచిన తీరులోనో, పిడి లోపల దాగిన ఉక్కు తోకలోనో, దాని చుట్టూ కొయ్య కూర్చున్న బిగువులోనో దొరుకుతుంది. అవి ఫొటోకు అందవు కాబట్టి ప్రకటనలోకీ ఎక్కవు.

ముందు పేరు సంగతి. జపాన్ పాత కొలతలో ఒక షాకు అంటే 30.3 సెంటీమీటర్లు. కత్తి అలుగు పొడవు రెండు షాకులు, అంటే 60.6 సెం.మీ. దాటితే కటానా. ఒకటికీ రెండుకీ మధ్య ఉంటే వకిజాషి, ఒకటి లోపు ఉంటే తాంతో. జపాన్‌లో కత్తి చేయాలంటే కమ్మరికి లైసెన్సు ఉండాలి. దానికోసం గురువు దగ్గర కనీసం ఐదేళ్లు శిష్యరికం చేసి, ప్రభుత్వ సాంస్కృతిక వ్యవహారాల సంస్థ పెట్టే శిక్షణ, పరీక్ష గట్టెక్కాలి. లైసెన్సు చేతికొచ్చాక కూడా నెలకు రెండు పొడవాటి కత్తులో, మూడు పొట్టి కత్తులో, అంతే. ప్రతి కత్తికీ ఒక నమోదు పత్రం. సంప్రదాయ పద్ధతిలో చేయని ఉక్కు కత్తికి ఆ పత్రం దొరకదు, పత్రం లేని కత్తి ఇంట్లో ఉంచుకోవడం అక్కడ నేరం. ఇలా తయారైన కొత్త కటానా ధర మామూలుగా పది లక్షల యెన్‌ల పైమాటే.

ఇంటర్నెట్‌లో ‘చేతితో సాగగొట్టిన కటానా’ పేరుతో కొన్ని వందల డాలర్లకు దొరికేది వేరే వస్తువు. వాటిలో అత్యధికం చైనాలోని జెజియాంగ్ ప్రాంతం లోంగ్‌చువాన్ కొలుముల్లో పుడతాయి. నకిలీ అని వాటిని తీసిపారేయనక్కర్లేదు. ఆధునిక ఉక్కుతో, అదే ఆకారంలో చేసిన కత్తులవి, వాటిలో గట్టివీ ఉన్నాయి, నాసివీ ఉన్నాయి. చిక్కల్లా జపాన్ కమ్మరి పడే కష్టాలన్నీ వాటి ప్రకటనల్లో సుగుణాలుగా మారిపోవడం. వాటిలో మొదటిది మడత.

మడత ఎందుకు పుట్టింది

జపాన్ కత్తికి వాడే ఉక్కు తమహగానే. షిమానే ప్రాంతంలోని ఒకుఇజుమోలో 1977లో పునరుద్ధరించిన తతారా అనే మట్టి కొలిమి నుంచి ఇది వస్తుంది. చలికాలంలోనే రగిలిస్తారు. మూడు పగళ్లు, మూడు రాత్రుళ్లు ఆపకుండా ఇనుప ఇసుక, బొగ్గు పొరలు పొరలుగా వేస్తూ పోతారు. సుమారు 10 టన్నుల ఇసుక, 12 టన్నుల బొగ్గు మింగి ఆ కొలిమి ఇచ్చేది రెండున్నర టన్నుల ముద్ద. అందులో కత్తికి పనికొచ్చే మేలు రకం సగం కూడా ఉండదు. ముద్ద తియ్యాలంటే కొలిమి గోడలు పగలగొట్టాల్సిందే, కాబట్టి ప్రతిసారీ కొత్త కొలిమి కడతారు.

ఆ ముద్ద పూర్తిగా కరిగి పోతపోసినది కాదు. ఒక ముక్కలో కర్బనం ఒకటిన్నర శాతం ఉంటే పక్క ముక్కలో అందులో సగం ఉండొచ్చు, మధ్యలో చిట్టెం ఇరుక్కుని ఉంటుంది. దాన్ని కాల్చి, కొట్టి, నడిమికి గాటు పెట్టి మడిచి, మళ్లీ అతికించి కొడితే చిట్టెం నిప్పురవ్వలతో పాటు బయటికి చిమ్ముతుంది, కర్బనం అంతటా సర్దుకుంటుంది. పది నుంచి పదిహేను మడతలతో పని పూర్తవుతుంది. ప్రతి కాల్పులోనూ పైపొర పొలుసుగా రాలిపోతుంది, కర్బనమూ కొంత కాలిపోతుంది. అందుకే ఎక్కువ మడవడం గొప్ప కాదు. హద్దు దాటితే పదను పట్టని మెత్తటి ఇనుము మిగులుతుంది.

లెక్క కూడా చూద్దాం. పది మడతలకు 1,024 పొరలు, పదిహేనుకు 32,768. ఇరవైకి పది లక్షలు దాటతాయి. కత్తి మందం ఆరేడు మిల్లీమీటర్లే కాబట్టి అప్పటికి ఒక్కో పొర కొన్ని పదుల పరమాణువుల మందానికి వస్తుంది. ‘వెయ్యిసార్లు మడిచిన కత్తి’ అని రాసేవాళ్లు పొరలకీ మడతలకీ తేడా తెలియక రాస్తారు, లేదా తెలిసే రాస్తారు.

ఇక్కడ మన కోనసముద్రం గుర్తుకు రాక మానదు. నిజామాబాద్ జిల్లాలోని ఆ ఊళ్లో మూసల్లో ఉక్కును పూర్తిగా కరిగించి బిళ్లలుగా తీసేవారు. పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. ప్రపంచం దాన్ని ఊట్జ్ అంది, ఆ పేరుకు మూలం దక్షిణాది భాషల ఉక్కు అన్న మాటేనని చెబుతారు. మూసలో కరిగిన ఉక్కులో చిట్టెం తేలిపోతుంది, కర్బనం అంతటా సమంగా కలుస్తుంది. మడవాల్సిన పనే లేదు. దాని మీద కనిపించే నీటి అలల్లాంటి చార నెమ్మదిగా చల్లారేటప్పుడు, తక్కువ వేడిలో సాగగొట్టేటప్పుడు లోపలే పుడుతుంది. ఒకచోట ఉక్కు కరగలేదు కాబట్టి మడిచారు, ఇంకొకచోట కరిగింది కాబట్టి మడవలేదు. ఈనాటి ఫ్యాక్టరీ ఉక్కు కోనసముద్రం వైపు చేరుతుంది. కరిగి, శుద్ధి అయి, సమంగా వచ్చిన కడ్డీని మడిస్తే బలం పెరగదు. పైగా మడత లోపల అతుకు సరిగా పడకపోతే పొర విడిపోయే బలహీనత కొత్తగా చేరుతుంది. చెక్కలోని గీతల్లా కనిపించే ఆ అందం కోసం కావాలనుకుంటే కొనుక్కోవచ్చు. సాధనలో చాప చుట్టలు నరకడానికైతే మడవని కత్తే మేలు. ఇక ‘డమాస్కస్ కటానా’ అనే సరుకు రెండు రకాల ఉక్కులు కలిపి మడిచినదై ఉంటుంది, లేదా యాసిడ్‌తో గీతలు తెప్పించినది. ఊట్జ్‌తో దానికి చుట్టరికం లేదు.

ఏ ఉక్కు

ప్రకటనల్లో ఉక్కు రకాల పేర్లు అంకెల్లో ఉంటాయి. 1060 అనే రకంలో కర్బనం దాదాపు 0.6 శాతం. మొదటి కత్తికి ఇది చాలు. తప్పులను సహిస్తుంది, ఓ మోస్తరు వాడి నిలుపుకుంటుంది. 1095లో ఒక శాతానికి దగ్గర. అల స్పష్టంగా వస్తుంది, వాదర గట్టిగా ఉంటుంది, కానీ పదను పెట్టేటప్పుడు పగుళ్ల భయం ఎక్కువ, వేటు తప్పితే వాదర పెచ్చు ఊడుతుంది. టి10 అనేది చైనా ప్రమాణాల్లో ఒక శాతం కర్బనమున్న పనిముట్ల ఉక్కు. అందులో టంగ్‌స్టన్ ఉంటుందని అమ్మకందార్లు రాస్తుంటారు గానీ ఆ ప్రమాణంలో టంగ్‌స్టన్ లేదు. 9260లో సిలికాన్ రెండు శాతం వరకూ ఉంటుంది, స్ప్రింగుల ఉక్కు ఇది. కత్తి మొత్తానికి ఒకే పదను పెట్టి వదిలేస్తారు, అల రాదు. వంచితే వెనక్కి లేచి నిలబడుతుంది. కొత్తగా నరకడం నేర్చుకునే చేతికి అందం తక్కువైనా ఇదే క్షేమం. గోడకు వేలాడే స్టెయిన్‌లెస్ కత్తి గురించి ఒక్క మాట చాలు. దాన్ని ఊపకూడదు. పిడి లోపల చాలాసార్లు ఉండేది పెన్సిలంత కడ్డీ, అదీ వెల్డింగు చేసినది.

ఉక్కు పేరు ఇంతవరకే పనికొస్తుంది. 1060కి సరైన పదను పెట్టిన కత్తి ముందు, 1095కి తప్పుడు పదను పెట్టిన కత్తి ఒక పూట నిలవదు.

నీళ్లలో పడ్డ రెండు క్షణాలు

సాగగొట్టి, ఆకురాయితో రూపు దిద్దిన అలుగును మూడు సార్లు ఎర్రగా కాల్చి, ప్రతిసారీ మునుపటి కన్నా కాస్త తక్కువ వేడికి, గాలికి వదిలి చల్లారుస్తారు. సాగగొట్టేటప్పటి వేడికి ముద్దగా పెరిగిన ఉక్కు రేణువులు దీంతో సన్నబడతాయి. ఈ మెట్టు ఎగ్గొట్టిన కత్తి బయటికి మామూలుగానే ఉంటుంది, విరిగినప్పుడు బయటపడుతుంది. విరిగినచోట బూడిదరంగు పట్టులా నునుపుగా ఉంటే పని బాగా జరిగినట్టు. పంచదార పలుకుల్లా తళుక్కుమంటే ఎక్కడో వేడి మించినట్టు.

తర్వాత మట్టి పూత. బంకమట్టి, బొగ్గుపొడి, సానరాయి పొడి కలిపి నూరుతారు. మట్టి కాల్పుకు నిలబడుతుంది, బొగ్గు ఎండేటప్పుడు కుదింపును అదుపు చేస్తుంది, రాతిపొడి పగుళ్లు ఆపుతుంది. వెన్ను మీద మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం, వాదర మీద ఉల్లిపొర. ఆ మందం సరిహద్దు ఎలా గీస్తే రేపు అల దాదాపు అలా వస్తుంది. ఉక్కు మీద నూనె మరక ఉంటే మట్టి పట్టదు. కొలిమిలో పెచ్చులా రాలితే అక్కడ వెన్ను కూడా గట్టిపడి, కత్తికి ఒకచోట గాజు ముక్క అతికించినట్టు అవుతుంది.

కాల్చేది చీకట్లో. వెలుతురులో ఉక్కు రంగు కంటికి మోసం చేస్తుంది. దాదాపు 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. కొత్తవాళ్లకు అదే కొలబద్ద, దానికి కాస్త పైన ఆగాలి. పిడి వైపు నుంచి మొన దాకా ఒకే రంగు రావడమే అసలు కష్టం. మొన సన్నగా ఉంటుంది కాబట్టి ముందు వేడెక్కి మించిపోతుంది. కత్తిని వెన్ను కింద, వాదర పైన పెట్టి నిప్పుల్లో ముందుకూ వెనక్కూ లాగుతూ ఉండేది అందుకే.

నీళ్లలో ముంచిన మొదటి క్షణంలో పల్చటి వాదర చల్లబడి కుంచించుకుంటుంది, కత్తి ముందుకు, వాదర వైపుకు వంగుతుంది. మరుక్షణం వాదర ఉక్కు మార్టెన్‌సైట్ అనే గట్టి రూపానికి మారి వ్యాకోచిస్తుంది. మట్టి చాటున ఇంకా మెత్తగా ఉన్న వెన్నును అది వెనక్కి తోస్తుంది. కటానాకు ఆ చక్కటి వంపులో పెద్ద వాటా ఇక్కడే పుడుతుంది. సమ్మెటతో తెచ్చింది కొంతే. తర్వాత వెన్ను నెమ్మదిగా చల్లారి మెత్తటి పెర్లైట్‌గా మిగులుతుంది. ఒకే ఉక్కులో రెండు స్వభావాలు. ఇదంతా నీళ్లలో జరిగే కథ. నూనెలో ముంచితే చల్లబడే వేగం తక్కువ. చాలాసార్లు కత్తి ముందుకు వంగినది వంగినట్టే ఉండిపోతుంది. నూనె వాడే కొలుముల్లో వంపును ముందే ఎక్కువ తెచ్చి పెట్టుకునేది ఇందుకే. 1095 వంటి ఉక్కుకు నీళ్లలో పగిలే ముప్పు ఎక్కువ, నూనెలో అల మందకొడిగా వచ్చే ముప్పు ఎక్కువ. ఏది ఎంచుకున్నా ఒక నష్టం రాసిపెట్టుకోవాల్సిందే.

నీళ్లలోంచి ‘టింగ్’ మని సన్నటి శబ్దం వస్తే పని ముగిసినట్టే. వాదరకు అడ్డంగా వెంట్రుకంత పగులు పడిందని అర్థం. జపాన్‌లో దీన్ని హగిరె అంటారు. ఎంత పేరున్న కమ్మరి చేసినా, ఎన్ని శతాబ్దాల పాతదైనా హగిరె ఉన్న అలుగు కత్తిగా పనికిరాదు. వేటు పడ్డ రోజున అక్కడే రెండు ముక్కలవుతుంది. వాదరకు సమాంతరంగా, అలుగు మీద పొరల మధ్య కనిపించే చిన్న విడుపులు అందానికి లోపమే గానీ అంత ప్రాణాంతకం కాదు. కొనేవాళ్లు ఈ రెంటినీ కలిపేసుకుని, ఒకదానికి భయపడాల్సిన చోట ఇంకోదానికి భయపడుతుంటారు.

చివర్లో టెంపరింగ్, అంటే తక్కువ వేడిలో కాచి పెళుసు తగ్గించడం. ముంచి తీసిన వాదర కాఠిన్యం రాక్‌వెల్ సి కొలతలో 65 దగ్గర ఉంటుంది, ఈ దశలో కింద పడినా పెచ్చు లేస్తుంది. 200 డిగ్రీల దగ్గర రెండు గంటల చొప్పున రెండుసార్లు కాస్తే 60 దగ్గరికి దిగుతుంది. వెన్ను 40 దగ్గర ఉంటుంది. ఈ పని వాయిదా వేయకూడదు. ముంచిన కత్తిని తెల్లవారి చూద్దాంలే అని వదిలేస్తే రాత్రికి రాత్రే, ఎవరూ ముట్టుకోకుండానే, లోపలి ఒత్తిడికి పగిలిపోవచ్చు.

అల నిజమా, పూతా

ఈ అలనే జపాన్‌లో హమోన్ అంటారు. నిజమైన హమోన్ అంటే గట్టి వాదరకూ మెత్తటి వెన్నుకూ మధ్య ఏర్పడిన సరిహద్దు. ఉక్కు లోపలి దాకా ఉంటుంది, పైపైన అరగదీసినా పోదు. తీగ బ్రష్షుతో గీకి, యాసిడ్ రాసి తెప్పించిన అల ఒక్క సారి మెరుగు పెడితే మాయమవుతుంది. చూసే పద్ధతి ఒకటుంది. ఒకే బల్బు ఉన్న చీకటి గదిలో కత్తి మొనను దీపం వైపు చాపి, వెలుతురు వాదర మీద ఏటవాలుగా పడేలా నెమ్మదిగా తిప్పాలి. నిజమైన అల అంచుల్లో పొగమంచులాంటి తెల్లటి గీత గానీ, చుక్కల్లా మెరిసే రేణువులు గానీ కదులుతూ కనిపిస్తాయి. పూత అల అన్ని కోణాల్లో ఒకేలా, సున్నం గీసినట్టు ఉంటుంది. నిజమైన అల మొనలోకి కూడా వెళ్లి వెనక్కి తిరగాలి. మొన దగ్గర ఆగిపోయిన అల ఉన్న కత్తికి మొన మెత్తగా ఉన్నట్టే.

ఒక మెలిక. జపాన్ సానవాళ్లు కూడా చివర్లో సన్నటి రాతి పలుకులతో వాదరను తెల్లబరుస్తారు. దాన్ని హదోరి అంటారు. అంటే తొలి చూపుకు కనిపించే తెల్లదనం అసలైన కత్తి మీద కూడా కొంత అలంకారమే. దాని కింద ఉన్న అసలు గీతను పట్టుకోవడమే సేకర్తకు కావాల్సిన కన్ను.

పిడి విప్పి చూడటం

కొన్న కత్తిని మొదటి రోజే విప్పి చూడాలి. పిడికి అడ్డంగా దిగిన వెదురు మేకును మెకుగి అంటారు. కత్తి ఒరలో ఉండగానే, సన్నటి వైపు నుంచి కొయ్యపుల్లో ఇత్తడి పుల్లో ఆనించి చిన్న సుత్తితో తడితే అది బయటికొస్తుంది. తర్వాత కత్తి దూసి, ఎడమ చేత్తో పిడి చివర పట్టుకుని, అలుగును దాదాపు నిటారుగా, కొద్దిగా వెనక్కి వాలేలా ఉంచి, కుడి పిడికిలితో ఎడమ మణికట్టు మీద తట్టాలి. రెండు మూడు దెబ్బలకు తోక పిడిలోంచి ఒక అంగుళం లేస్తుంది. గట్టిగా కొడితే కత్తి ఎగిరి పడుతుంది, అదొక్కటే జాగ్రత్త. లేచాక తోక పట్టుకుని మొత్తం లాగి, పలుచటి వాషర్లు, త్సుబా అనే చేతి రక్షణ బిళ్ల, హబాకి అనే లోహపు పట్టా వరసగా తియ్యాలి. వరస గుర్తుంచుకోవాలి, రెండు వాషర్లు ఒకేలా కనిపించినా తారుమారైతే బిగువు పోతుంది.

రెండు మూడు దెబ్బలకు లేవని పిడి అంటే లోపల జిగురు పోశారని అనుమానించాలి. కొయ్యను తోకకు తగ్గట్టు చెక్కే ఓపిక లేక ఎపాక్సీతో ఖాళీలు నింపుతారు. అది కొన్నాళ్లు బిగువుగానే ఉంటుంది. వేటు వేటుకూ పొడిగా నలిగి, ఒకరోజు కడకడలాడుతుంది.

ఇప్పుడు తోక. దీన్నే నకాగో అంటారు. పిడి పొడవులో కనీసం మూడింట రెండు వంతులు ఉండాలి. భుజం నుంచి, అంటే అలుగు ముగిసి తోక మొదలయ్యే చోటు నుంచి, చివరికి క్రమంగా సన్నబడాలి. ఒక్కసారిగా సగానికి కోసుకుపోతే ఆ మూల దగ్గరే విరుగుతుంది. భుజం గాట్లు రెండూ ఎదురెదురుగా సమంగా ఉండి, హబాకి వాటికి ఆని కూర్చోవాలి. గాటు లోపలి మూల కత్తిరించినట్టు పదునుగా ఉండకూడదు, పగుళ్లు మొదలయ్యేది అలాంటి మూలల్లోనే. ఆకురాయి ఆనించి ఒక్క గీత లాగితే కొరకాలి. జారిపోతే తోకకూ పదను పట్టిందన్నమాట, అది పెళుసు. వెల్డింగు గీత కనిపిస్తే ఇంకేమీ చూడనక్కర్లేదు.

పిడి అనేది రెండు బద్దల కొయ్య. జపాన్‌లో హోనోకి అనే మెత్తటి, జిగురు కారని చెక్క వాడతారు. చవక పిడుల్లో చేతికందిన చెక్క ఉంటుంది. దాని మీద స్టింగ్‌రే చేప తోలు, దాని మీద పట్టు లేదా నూలు టేపు ముడి. తోలు కొయ్య చుట్టూ పూర్తిగా తిరిగితే అది కొయ్య పగలకుండా పట్టీలా కాపాడుతుంది, రెండు వైపులా ముక్కలు అతికిస్తే అలంకారంగా మిగులుతుంది. టేపును బొటనవేలితో పక్కకు తోస్తే కదలకూడదు. వరసలో ముడులు ఒకటి విడిచి ఒకటి ఎదురు తిరగాలి. అన్నీ ఒకేవైపు తిరిగితే చుట్టినవాడికి పని రాదని అర్థం.

మెకుగి చిన్నదే, కానీ కత్తికి చేతికి మధ్య ఉన్న బంధం అదే. పాతబడి గట్టిపడ్డ వెదురు నారతో చేస్తారు. వెదురు ఒక్కసారిగా తెగదు, నార నారగా నలిగి ముందే హెచ్చరిస్తుంది. ఫ్యాక్టరీ కత్తుల్లో తినడానికి వాడే చాప్‌స్టిక్ పుల్లల్లాంటి మెత్తటి కొయ్య దూర్చిన సందర్భాలు తక్కువేం కాదు. ప్రతి సాధనకు ముందు బొటనవేలితో నొక్కి చూడటం, ఒక దెబ్బ గుర్తు కనిపించినా మార్చడం తప్పనిసరి. సేకర్త దీన్ని పట్టించుకోకపోయినా నష్టం లేదు. నరికేవాడు పట్టించుకోకపోతే 70 సెంటీమీటర్ల ఉక్కు ఎదుటివాడి వైపు వెళుతుంది.

సాధకుడి లెక్కలు

170 సెం.మీ. ఎత్తు మనిషికి మామూలుగా 2.4 షాకులు, అంటే 72.7 సెం.మీ. అలుగు సరిపోతుంది. కత్తి చేత పట్టి చేయి వదులుగా కిందికి వేలాడేస్తే మొన నేలకు తగలకూడదు. ఒర లేకుండా బరువు కిలో నుంచి కిలోంబావు మధ్య. త్సుబా నుంచి 10 - 15 సెం.మీ. ముందు తూగు కుదరాలి. ఇంకా ముందుకు జరిగితే వేటుకు ఊపు వస్తుంది గానీ గంటసేపు తిప్పితే మణికట్టు చెబుతుంది. అలుగు పొడవునా ఉండే గాడి రక్తం కారడానికి అని కథలు చెబుతారు. అది బరువు తగ్గించడానికి. సరైన కోణంలో ఊపితే ఈల వేస్తుంది కాబట్టి ఒంటరిగా సాధన చేసేవాళ్లకు ఉపయోగమే. అదే గాడి కత్తి పక్క బలాన్ని తగ్గిస్తుంది. మందపాటి చాపలు నరికేవాళ్లకు గాడి లేనిదే మంచిది. నరకకుండా దూయడం, ఊపడం మాత్రమే నేర్చుకునేవాళ్లకు ఉక్కు అక్కర్లేదు. ఇఐతో అనే జింకు-అల్యూమినియం మిశ్రమం కత్తి చాలు, దానికి వాదర ఉండదు, పెట్టినా నిలవదు.

నరకడానికి చాపను చుట్టగా చుట్టి మూడు నాలుగు చోట్ల కట్టి ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, నిలబెట్టి నీరు ఓడ్చాలి. జపాన్‌లో వాడేది తతామి పైపొర. మన దగ్గర తుంగచాప దానికి దగ్గర. నైలాన్ దారంతో నేసింది మాత్రం వద్దు, దారం వాదరకు అడ్డుపడి వేటును తిప్పేస్తుంది. అరటి బోదె సులువుగా దొరుకుతుంది గానీ దాని పసరు ఉక్కు మీద నల్లటి మరకలు వేస్తుంది, పైగా వాలు తప్పిన వేటుకు కూడా తెగి తప్పును దాచిపెడుతుంది.

తప్పు జరిగేది ఎప్పుడూ ఒకటే చోట. వాదర దిశ, వేటు దిశ ఒకటి కాకపోవడం. అప్పుడు కత్తి చాపలో సగంలో ఇరుక్కుంటుంది, చేతులు ఆగకపోతే అలుగు పక్కకు వంగుతుంది. అల ఉన్న కత్తి వెన్ను మెత్తన కాబట్టి విరగకుండా వంగి, అలాగే ఉండిపోతుంది. 9260 అయితే తిరిగి లేస్తుంది. ఒకటి చెడ్డ కత్తి, ఇంకొకటి మంచి కత్తి అని దీనర్థం కాదు. మెత్తటి వెన్నుకు చెల్లించే ధర అది. ప్రతి పది వేట్లకూ ఒకసారి వెన్ను వెంబడి ఒక కంటితో గురి చూడాలి. సన్నటి వంపు కనిపిస్తే అక్కడితో ఆపాలి. వంపు ఉన్న కత్తితో ఇంకొక వేటు వేస్తే ఆ వంపు దగ్గరే ఇంకా వంగుతుంది. మోకాలికి ఆనించి సరిచేయడం చూడటానికి సులువే. ఒకచోట ఉన్న వంపు రెండు చోట్లకు పాకడం తప్ప ఎక్కువసార్లు ఫలితం ఉండదు.

ఒర బిగువు హబాకి దగ్గరే ఉండాలి, అలుగు లోపల కొయ్యను తాకకూడదు. తలకిందులు చేస్తే కత్తి తనంతట జారకూడదు, బొటనవేలితో త్సుబాను తోస్తే తేలిగ్గా కదలాలి. వానాకాలంలో కొయ్య ఉబ్బి బిగుస్తుంది, తెలంగాణ, రాయలసీమ ఎండలకు కుంచించుకుని వదులవుతుంది. పిడిదీ అదే కథ. ఏప్రిల్‌లో లొడలొడమన్న పిడి ఆగస్టులో దానంతటదే బిగిస్తే బాగైందని అనుకోకూడదు.

చట్టం సంగతి కొనకముందే చూసుకోవాలి. మన దేశంలో 1959 ఆయుధ చట్టం, 2016 నిబంధనల ప్రకారం కత్తులు ఐదో వర్గం ఆయుధాల్లోకి వస్తాయి. తొమ్మిది అంగుళాలు దాటిన అలుగు ఉన్న ఇతర ఆయుధాలూ అందులోనే ఉన్నాయి. ఏ ప్రాంతంలో లైసెన్సు తప్పనిసరి అన్నది ప్రభుత్వ నోటిఫికేషన్ బట్టి ఉంటుంది కాబట్టి మీ పోలీసు కమిషనరేట్‌లో గానీ, ఎస్పీ కార్యాలయంలో గానీ రాతపూర్వకంగా కనుక్కోవడం ఒక్కటే దారి. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ ప్రశ్న వేరేగా వస్తుంది. బ్రిటన్‌లో ఉన్న తెలుగువారికి ఇంకో లెక్క. 50 సెం.మీ.కు తక్కువ కాని వంపు కత్తుల అమ్మకం అక్కడ 2008 నుంచి నిషిద్ధం. 1954కు ముందు చేసినవాటికీ, సంప్రదాయ పద్ధతిలో చేతితో చేసినవాటికీ మినహాయింపు ఉంది. రుజువు చూపాల్సి రావచ్చు కాబట్టి కాగితాలు దాచుకోవాలి.

తుప్పు

కర్బనం ఉక్కుకు తుప్పు తప్పదు. వేలి చెమట అంటిన ముద్ర విశాఖ, కాకినాడ గాలిలో ఒక్క రాత్రిలో గోధుమరంగుకు తిరుగుతుంది. సాధన అయ్యాక పాత నూనెను మెత్తటి కాగితంతో వెన్ను వైపు నుంచి పట్టుకుని తుడిచి, పల్చగా కొత్త నూనె రాయాలి. లవంగం వాసనతో అమ్మే చోజి నూనె నిజానికి ఎక్కువగా ఖనిజ నూనే. కుట్టుమిషను నూనె వాడినా పనవుతుంది. కొబ్బరినూనె వద్దు, జిడ్డు గడ్డకట్టి దుమ్ము పట్టేస్తుంది. నూనె కారేలా రాస్తే ఒరలోకి దిగి కొయ్యను నానబెడుతుంది, ఆ తడి కొయ్య మళ్లీ దుమ్మును అంటించుకుని అలుగును గీస్తుంది. తీరంలో ఉంటే మూడు వారాలకు ఒకసారి, లోపలి ఊళ్లలో రెండు నెలలకు ఒకసారి చాలు. నిల్వలో కత్తి అడ్డంగా, వాదర పైకి ఉండాలి, అప్పుడు వాదర ఒరను కోయదు. తోలు సంచిలో దాచకూడదు, తోలును ఊరబెట్టిన రసాయనం ఉక్కును తింటుంది.

ఇంత తుడిచే చేతులు ఒకచోట మాత్రం ఆగాలి. పాత జపాన్ కత్తి చేతికొస్తే తోక మీది నల్లటి తుప్పును గీకకూడదు, ఉప్పుకాగితం పెట్టకూడదు, నూనె కూడా రాయకూడదు. కమ్మరి సంతకం ఆ తోక మీదే ఉంటుంది. ఎన్ని తరాల కింద చెక్కారన్నది అక్షరాల లోపలి తుప్పు రంగు చూసి అంచనా కడతారు. మెరిసేలా శుభ్రం చేసిన సంతకం కొత్తగా చెక్కిన దొంగ సంతకంలాగే కనిపిస్తుంది, దాన్ని వెనక్కి తెచ్చే మార్గం లేదు.